ఐ-94 ఉన్నవాడు, లేనివాడు: లేకెన్ రైలీ చట్టం కింద రెండు కేసులు

"మేడం, బెయిల్ కట్టేశాం. రిలీజ్ పేపర్ కూడా ఇచ్చారు. కానీ మనిషిని బయటికి పంపట్లేదు."

2025 వసంతంలో ఒక రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్ ఇది. మాట్లాడుతున్నది ఒక అక్క. కౌంటీ జైలు ముందు కారులో కూర్చుని ఉంది. లోపల తన తమ్ముడు, అతని రూమ్మేట్. కౌంటర్ దగ్గర "ఐస్ హోల్డ్ ఉంది" అన్నారట. ఆ మాటకు అర్థమేంటో ఆమెకు తెలియలేదు. ఆ రాత్రి నేను వివరంగా చెప్పే ధైర్యం చేయలేదు. ఇద్దరి పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు పంపమన్నాను, ఎవరేం అడిగినా ఇద్దర్నీ దేనిమీదా సంతకం పెట్టొద్దని చెప్పించమన్నాను.

నేను అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో డిఫెన్స్ వైపు వాదించే లాయర్‌ని. ఈ కేసు రాయడానికి ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. ఊరు, రాష్ట్రం, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఒకే దుకాణం, ఒకే రోజు, ఒకే అరెస్టు. ఒకబ్బాయి పంతొమ్మిదో రోజున అక్క ఇంటికి చేరాడు. రెండో అబ్బాయి నాలుగు నెలలు డిటెన్షన్‌లో ఉండి, అక్కణ్ణించే ఇండియా విమానం ఎక్కాడు. ఇద్దరికీ ఈ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ తేడా తెలియని తెలుగు కుటుంబాలు నాకు వారానికొకటి తగులుతున్నాయి.

ఇద్దరి కథ

తమ్ముణ్ణి స్టూడెంట్ అంటాను. ఎఫ్-1 వీసా మీద వచ్చి ఎం.ఎస్. పూర్తి చేశాడు. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ, ఆపైన స్టెమ్ పొడిగింపు, మొత్తం మూడేళ్లు ఉద్యోగం చేశాడు. హెచ్-1బీ లాటరీలో పేరు రాలేదు. ఇంకో కాలేజీలో రెండో మాస్టర్స్‌కి చేరాడు గానీ ఫీజు కట్టలేక ఆపేశాడు. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో అతని రికార్డుని కాలేజీ టెర్మినేట్ చేసింది. అరెస్టు నాటికి ఎనిమిది నెలలుగా స్టేటస్ లేదు. ఈ సంగతి అక్కకి కూడా చెప్పలేదు.

రూమ్మేట్ 2023లో మెక్సికో వైపు నుంచి నడిచి సరిహద్దు దాటాడు. మనవాళ్లు డంకీ అంటారే, ఆ దారి. బోర్డర్ పెట్రోల్ పట్టుకుని, కోర్టుకి హాజరవ్వాలని నోటీసు చేతికిచ్చి వదిలింది. ఏడాది గడువు దాటకముందే అసైలం, అంటే ఆశ్రయం కోరుతూ అప్లికేషన్ వేశాడు. వర్క్ పర్మిట్ వచ్చింది. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడు. ఇమ్మిగ్రేషన్ అధికారులు చెక్-ఇన్‌కి రమ్మన్న ప్రతిసారీ వెళ్లాడు. కోర్టు తేదీ ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజుకి రూమ్మేట్ పరిస్థితే నయం. అతని చేతిలో చెల్లే వర్క్ పర్మిట్ ఉంది, కోర్టులో కేసు నడుస్తోంది, ప్రభుత్వానికి అతని అడ్రసు తెలుసు. స్టూడెంట్ దగ్గర ఇవేవీ లేవు. ఆ రాత్రి అక్క కూడా అదే అనుకుంది. "వాడికి వర్క్ పర్మిట్ ఉందిగా మేడం, వాడు ముందొస్తాడు. మావాడి సంగతే టెన్షన్‌గా ఉంది" అంది.

దుకాణంలో జరిగింది చిన్న సంగతి. సెల్ఫ్ చెక్‌అవుట్ దగ్గర స్టూడెంట్ ఫోన్లో మాట్లాడుతూ వస్తువులు స్కాన్ చేశాడు, రూమ్మేట్ వాటిని సంచిలో వేశాడు. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆపి బిల్లు చూస్తే నాలుగు వస్తువులు అందులో లేవు. వాటి విలువ వంద డాలర్ల లోపే. పోలీసులొచ్చి ఇద్దరి మీదా షాప్‌లిఫ్టింగ్ రాశారు. ఇలాంటిదానికి చాలాచోట్ల కోర్టు సమన్లు చేతికిచ్చి పంపేస్తారు. ఇక్కడ మాత్రం జైలుకి తీసుకెళ్లి వేలిముద్రలు తీసుకున్నారు.

ఆ వేలిముద్రలతోనే కథ మారిపోయింది. స్థానిక జైల్లో తీసిన ముద్రలు ఎఫ్‌బీఐకి వెళతాయి, అక్కణ్ణించి వాటంతటవే హోంల్యాండ్ సెక్యూరిటీ డేటాబేస్‌కి చేరతాయి. స్థానిక పోలీసు పంపాలనుకున్నాడా లేదా అన్నదానితో పని లేదు. డేటాబేస్‌లో ముద్రలు కలిస్తే, ఇమ్మిగ్రేషన్ అరెస్టులు చేసే ఫెడరల్ సంస్థ ఐస్ నుంచి డిటైనర్ ఫారం ఐ-247ఎ రావచ్చు. విడుదల సమయం తర్వాత ఇంకో 48 గంటల దాకా మనిషిని ఆపి తమకు అప్పగించమని అందులో అడుగుతారు. అక్క విన్న "ఐస్ హోల్డ్" అదే.

చట్టం ఎక్కణ్ణించి వచ్చింది

2024 ఫిబ్రవరి 22న జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో, యూనివర్సిటీ క్యాంపస్‌లో పరుగుకి వెళ్లిన లేకెన్ రైలీ అనే నర్సింగ్ విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె వయసు 22. దోషిగా తేలిన వ్యక్తి 2022లో అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాడు. హత్యకు ముందు ఒక షాప్‌లిఫ్టింగ్ కేసులో పోలీసుల చేతికి చిక్కి బయటికొచ్చాడు. అప్పుడే అతన్ని ఆపి ఉంటే మా అమ్మాయి బతికేది కదా అని ఆ కుటుంబం అడిగితే, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నా క్లయింట్ల వైపు నిలబడి వాదించేటప్పుడు కూడా ఆ ప్రశ్న నేను మర్చిపోను.

ఆ ప్రశ్నకు కాంగ్రెస్ ఇచ్చిన జవాబే లేకెన్ రైలీ చట్టం. సెనేట్‌లో 64-35, ప్రతినిధుల సభలో 263-156 ఓట్లతో నెగ్గింది. 2025 జనవరి 29న ట్రంప్ సంతకం చేశారు. ఆ కాంగ్రెస్‌లో చట్టమైన మొదటి బిల్లు ఇదే. కొందరు డెమొక్రాట్లు కూడా ఓటేశారు కాబట్టి దీన్ని ఒక పార్టీ చట్టం అని తోసిపుచ్చలేం.

ఇది పాత చట్టానికి ఒక చేర్పు. 1996లో క్లింటన్ సంతకం చేసిన ఇమ్మిగ్రేషన్ చట్టం, బాండ్, అంటే డబ్బు పూచీ మీద విడుదల, అడిగే వీల్లేకుండా కొందర్ని నిర్బంధంలో ఉంచాలని సెక్షన్ 236(సి)లో రాసింది. ఆ జాబితా ఎక్కువగా శిక్ష పడిన నేరాల చుట్టూ తిరిగేది. 2003లో డిమోర్ వర్సెస్ కిమ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని సమర్థించింది. ఆ కేసులో మనిషికి అప్పటికే నేరం రుజువై శిక్ష పడింది. కొత్త చట్టం ఆ జాబితాలో ఇంకో వర్గాన్ని కలిపింది. దానికి రెండు షరతులున్నాయి, రెండూ కలిస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది.

మొదటిది దేశంలోకి ఎలా వచ్చాడన్నది. తనిఖీ లేకుండా వచ్చినవాడు, మోసంతో వచ్చినవాడు, ప్రవేశం కోరినప్పుడు సరైన పత్రాలు లేనివాడు దీని కిందికి వస్తారు. రెండోది నేరం. బర్గ్‌లరీ, దొంగతనం, షాప్‌లిఫ్టింగ్, పోలీసు మీద దాడి, ఎవరైనా చనిపోవడానికో తీవ్రంగా గాయపడడానికో కారణమైన నేరం. ఇందులో శిక్ష పడనక్కర్లేదు. ఛార్జ్ అయినా చాలు, అరెస్టయినా చాలు, చేశానని ఒప్పుకున్నా చాలు.

అదే చట్టంలో ఇంకో భాగం ఉంది. నిర్బంధం అమలు కాక తమకు నష్టం జరిగిందనుకుంటే రాష్ట్రాల అటార్నీ జనరల్స్ ఫెడరల్ ప్రభుత్వం మీద కోర్టుకెక్కొచ్చు. వంద డాలర్లకు మించిన నష్టమైనా చాలు. 2023లో సుప్రీంకోర్టు, ఎవర్ని అరెస్టు చేయాలన్న విషయంలో రాష్ట్రాలు ఇలా దావా వేయలేవని చెప్పింది. ఆ తలుపు తెరవడానికి ఈ భాగం పెట్టారు. దీని ఫలితం మా దాకా ఎలా వస్తుందంటే, "ఇది చిన్న కేసు, వదిలేద్దాం" అనే వెసులుబాటు కింది స్థాయి అధికారికి తగ్గిపోతుంది.

ఒక తప్పు టిక్కు

మూడో రోజు నా చేతికి ఇద్దరి నోటీసులు అందాయి. నోటీస్ టు అపియర్, మేం ఎన్‌టీఏ అంటాం. ఆ ఫారం మొదటి పేజీలో మూడు గళ్లుంటాయి. మొదటిది ఇప్పుడే వచ్చి ప్రవేశం అడుగుతున్నవాడికి. రెండోది దేశంలో ఉన్నాడు గానీ అనుమతితో ప్రవేశించలేదు అని. మూడోది అనుమతితోనే ప్రవేశించాడు గానీ ఇప్పుడు ఉండే హక్కు లేదు అని.

స్టూడెంట్ కాగితంలో రెండో గడిలో టిక్కు ఉంది.

ఇద్దర్నీ ఒకేసారి ప్రాసెస్ చేసి, ఒకరి కాగితంలో ఉన్నదే రెండోవాడి కాగితంలోనూ పెట్టేశారని నా ఊహ. కావాలని చేసిందని నేననుకోవడం లేదు. కానీ ఆ టిక్కు అలాగే ఉంటే స్టూడెంట్‌కి మొదటి షరతు కూడా వర్తించినట్టే, బాండ్ ఊసే ఉండదు. పైగా ప్రభుత్వం ఇతను విదేశీయుడని చూపిస్తే చాలు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా వచ్చాడో రుజువు చేయాల్సింది అతనే. గోడల మధ్య ఉన్న మనిషి దాన్ని ఎలా రుజువు చేస్తాడు?

ఎయిర్‌పోర్టులో అనుమతితో దిగినవాడికి ఐ-94 అనే ప్రవేశ రికార్డు ఉంటుంది. సరిహద్దు తనిఖీలు చూసే సంస్థ సీబీపీ వెబ్‌సైట్లో పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. కొట్టాను, రికార్డు లేదని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. అక్క పంపింది కొత్త పాస్‌పోర్టు నంబరని అప్పుడు తట్టింది. ఇక్కడికొచ్చాక రెన్యువల్ చేయించుకున్నాడు, ప్రవేశం మాత్రం పాత పాస్‌పోర్టు మీద జరిగింది. ఆ పాతది అపార్ట్‌మెంట్లో ఎంత వెతికినా దొరకలేదు. చివరికి దొరికింది వాళ్ల అమ్మ ఫోన్లో. వీసా స్టాంపింగ్ అయిన రోజున సంబరంగా ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫొటో, ఏళ్ల నాటి మెసేజ్‌ల కింద ఎక్కడో. ఫొటోలో నంబరు చివరి అంకె మీద వేలు అడ్డుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాను. ఏడు దగ్గర ఐ-94 తెరుచుకుంది. తేదీ, ఎయిర్‌పోర్టు, క్లాస్ ఆఫ్ అడ్మిషన్ ఎఫ్-1. ఆ ఒక్క పేజీని నేను మూడు కాపీలు తీసుకున్నాను.

తప్పనిసరి నిర్బంధం కింద పెట్టిన మనిషి, నేను ఆ వర్గంలోకి రాను అని జడ్జి ముందు వాదించుకోవచ్చు. 1999 నాటి ఒక ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డ్ తీర్పు పేరు మీద దాన్ని జోసెఫ్ హియరింగ్ అంటాం. తొమ్మిదో రోజున అది జరిగింది. ఐ-94 చూశాక ప్రభుత్వ లాయర్ టిక్కు గురించి వాదించలేదు, సవరణ వేస్తామన్నారు. అయినా వెంటనే ఇంకో దారి పట్టారు. ఇప్పుడు ఇతని దగ్గర చెల్లే వీసా లేదు కాబట్టి పత్రాలు లేనివాడి కింద లెక్కేనన్నారు. ఆ క్లాజులో "ప్రవేశం కోరిన సమయంలో" అన్న మాట ఉంది. ప్రవేశం కోరిన రోజున ఇతని వీసా నిక్షేపంగా ఉంది, తర్వాత స్టేటస్ పోవడం వేరే సెక్షన్ అని నేను చదివి వినిపించాను. జడ్జి కాసేపు చట్టం పుస్తకంలో చూసుకుని, 236(సి) వర్తించదని చెప్పి బాండ్ విషయానికి వెళ్లారు.

బాండ్ దగ్గర మామూలు తూకమే. స్థిరమైన అడ్రసు ఉందా, బంధువులున్నారా, కోర్టుకొస్తాడా, ప్రమాదకరమా. రుజువు చేసే బరువు మనదే. చట్టం ప్రకారం కనీసం 1,500 డాలర్లు. జడ్జి 6,000 పెట్టారు. క్రిమినల్ కోర్టులో లాగా పది శాతం కట్టి బయటపడే పద్ధతి సాధారణంగా ఇక్కడ నడవదు, మొత్తం కట్టాలి. అక్క దగ్గర డబ్బుంది గానీ ఆమెది హెచ్-1బీ. కట్టేవాళ్లు సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో కావాలి. వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన ముందుకొచ్చి తన పేరు మీద కట్టారు. బాండ్ ఇచ్చాక కూడా ప్రభుత్వం ఒక పనిదినంలోపు నోటీసు వేస్తే విడుదల దానంతటదే ఆగిపోతుంది. ప్రభుత్వ లాయర్ అప్పీలు హక్కు అట్టే పెట్టుకుంటున్నామన్నారు. ఆ ఒక్క రోజు మా ఆఫీసులో ఎవరికీ అన్నం సయించలేదు. నోటీసు రాలేదు. ఆ తర్వాత కట్టినవాళ్ల వివరాలు సరిచూడడం, పేపర్లు కదలడం. అన్నీ అయ్యేసరికి పంతొమ్మిదో రోజు.

రూమ్మేట్ హియరింగ్

అదే కోర్టు, అదే జడ్జి. ఆరేడు నిమిషాల్లో అయిపోయింది. తనిఖీ లేకుండా వచ్చాడని అతని పాత ఎన్‌టీఏలోనే ఉంది, అసైలం అప్లికేషన్‌లో అతనే రాసుకున్నాడు. షాప్‌లిఫ్టింగ్ అరెస్టు ఉంది. రెండు షరతులూ కలిశాయి. చెక్-ఇన్‌లకు వెళ్లిన రికార్డు, యజమాని లేఖ, అడ్రసు రుజువులు, అన్నీ ఫైల్లో పెట్టాను. జడ్జి వాటిని చదివారు. "ఇవి బాగున్నాయి, కానీ చూసి నిర్ణయించే అధికారం నాకు లేదు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిర్లక్ష్యం లేదు. నిజంగానే ఆయన చేతిలో లేదు.

మిగిలింది క్రిమినల్ కేసు. అక్కడ నేనొక పొరపాటు చేశాను, దాచను. దుకాణం సీసీటీవీ వీడియో భద్రపరచమని మొదటి రోజే లేఖ పంపించాల్సింది. ఇమ్మిగ్రేషన్ హడావుడిలో పడి తొమ్మిదో రోజు దాకా ఆ మాట డిఫెన్స్ లాయర్‌కి చెప్పలేదు. అదృష్టవశాత్తు వీడియో చెరిగిపోలేదు. అందులో స్కాన్ చేసింది స్టూడెంట్ అని, రూమ్మేట్ వెనక నిలబడి ఇచ్చినవి సంచిలో వేసుకుంటున్నాడని స్పష్టంగా ఉంది. ప్రాసిక్యూటర్ రూమ్మేట్ మీద కేసు డిస్మిస్ చేశారు.

స్టూడెంట్‌కి డిఫెన్స్ లాయర్ ఒక డైవర్షన్ ప్రోగ్రాం తెచ్చారు. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే, కొన్ని నెలలు క్లాసులకు వెళితే కేసు కొట్టేస్తారు. చూడ్డానికి మంచి బేరం. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్‌కి వేరే నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకోవడం, దానిమీద కోర్టు ఏదో ఒక ఆంక్ష పెట్టడం, ఈ రెండూ ఉంటే రాష్ట్రం తర్వాత కేసు కొట్టేసినా ఇక్కడ కన్విక్షనే. 2010లో సుప్రీంకోర్టు పడీయా తీర్పు వచ్చినప్పటి నుంచి డిఫెన్స్ లాయర్లు ఈ సంగతి క్లయింట్‌కి చెప్పాలి. ఆయనతో గంటసేపు మాట్లాడాక, దొంగతనం ఊసు లేని చిన్న స్థానిక ఉల్లంఘన కింద జరిమానాతో ముగించారు.

డిస్మిస్ ఆర్డర్ పట్టుకుని రూమ్మేట్ కోసం మళ్లీ జడ్జి దగ్గరికి వెళ్లాను. చట్టంలో క్రియ వర్తమానంలో ఉంది, ఇప్పుడు ఇతని మీద ఛార్జ్ లేదు, అరెస్టు తప్పని ప్రాసిక్యూటరే తేల్చారని వాదించాను. అరెస్టు జరగడమైతే జరిగింది, కేసు కొట్టేస్తే వదలాలని చట్టం ఎక్కడా చెప్పలేదన్నారు జడ్జి. చట్టంలో ఆ వాక్యం నిజంగానే లేదు.

ఫెడరల్ జిల్లా కోర్టులో హేబియస్ పిటిషన్, అంటే ఈ నిర్బంధం చట్టబద్ధమేనా అని ప్రశ్నించే పిటిషన్ వేశాం. డిమోర్ తీర్పు శిక్ష పడినవాడి గురించి, వీగిపోయిన అరెస్టుకి విచారణే లేకుండా నెలల తరబడి ఉంచడం డ్యూ ప్రాసెస్‌కి, అంటే న్యాయమైన విచారణ హక్కుకి విరుద్ధం అని వాదన. అది బలమైన వాదనని ఇప్పటికీ నమ్ముతాను. ఈలోగా అతన్ని రెండు టైమ్ జోన్ల అవతల ఇంకో సెంటర్‌కి మార్చారు. తెలుగు మాట్లాడే మనిషి అక్కడ ఒక్కడూ లేడు. వీడియో కాల్‌లో ఒక రోజు అడిగాడు.

"మేడం, ఈ పిటిషన్ గెలిస్తే బయటికొస్తానా?"

"లేదు నాన్నా. బాండ్ హియరింగ్ వస్తుంది."

"అదీ గెలిస్తే?"

"డబ్బు కట్టి బయటికొస్తావు. అసైలం కేసు నడుస్తుంది."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాతి వారం, వెళ్లిపోతానన్నాడు. నేను వద్దన్నాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే హక్కు నాకు లేదనిపించింది, ఎందుకంటే అక్కడ పడుకుంటున్నది అతను. వలంటరీ డిపార్చర్, అంటే తనంతట తానే దేశం విడిచి వెళ్లే అనుమతి అడిగాం. దానికి అసైలం వెనక్కి తీసుకోవాలి, అప్పీలు వదులుకోవాలి, టికెట్ సొంతంగా కొనుక్కోవాలి. దానికి బదులు దేశం నుంచి పంపించేసే రిమూవల్ ఆర్డర్ ఉండదు, ఆ ఆర్డర్‌తో వచ్చే పదేళ్ల నిషేధమూ ఉండదు. అతను వెళ్లాక హేబియస్ పిటిషన్ విచారణకు రాకుండానే మూతపడింది.

నా అభిప్రాయం

సరిహద్దుకి చట్టం ఉండాలి, అమలవ్వాలి. ఇరవై నెలల వెయిటింగ్ తర్వాత వీసా స్టాంపు వేయించుకుని వచ్చినవాళ్ల ఓపికకు విలువ ఉండాలని నేనూ అనుకుంటాను. దొంగతనం రుజువైనవాణ్ణి నిర్బంధించమంటే నాకు అభ్యంతరం లేదు. ఈ చట్టంలో నన్ను బాధించేది ఒకే ఒక్క మాట, "అరెస్టు". అరెస్టు అంటే ఒక పోలీసు ఒక మధ్యాహ్నం వేసుకున్న అంచనా. దాన్ని సరిదిద్దడానికే కదా కోర్టులున్నది. క్రిమినల్ కోర్టు సరిదిద్దింది కూడా. ఇమ్మిగ్రేషన్ వైపు ఆ దిద్దుబాటు వినే దారి లేకుండా చట్టం రాశారు.

కాంగ్రెస్ రెండు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. ఛార్జ్ కొట్టేసినా, నిర్ణీత గడువులో అసలు ఛార్జే పెట్టకపోయినా కేసు మామూలు బాండ్ సెక్షన్ కిందికి వెళ్లాలి. అక్కడ కూడా జడ్జి ప్రమాదకరమని అనుకుంటే బాండ్ నిరాకరించొచ్చు, ఏథెన్స్‌లో జరిగినట్టు జరగకుండా ఆపే శక్తి ఆయనకు అలాగే ఉంటుంది. 2025 జులై 4న సంతకమైన బిల్లులో నిర్బంధ కేంద్రాలకు 45 బిలియన్ డాలర్లు ఇచ్చారు. అదే బిల్లు ఇమ్మిగ్రేషన్ జడ్జిల సంఖ్య 2028 నవంబరు నుంచి 800 దాటకూడదని పరిమితి పెట్టింది. పెండింగ్ కేసులు ముప్పై లక్షలకు పైన. కేసు తేలే వేగం పెంచకుండా బెడ్లు మాత్రం పెంచితే, గెలిచే కేసున్నవాడు కూడా రూమ్మేట్‌లాగే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు.

అతను వెళ్లాక 2025 సెప్టెంబరులో బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ ఇంకో అడుగు ముందుకేసింది. యాహురే హుర్తాడో కేసులో, తనిఖీ లేకుండా వచ్చినవాళ్లకి అరెస్టు ఉన్నా లేకున్నా బాండ్ ఇచ్చే అధికారం ఇమ్మిగ్రేషన్ జడ్జికి లేదంది. దానిమీద దేశమంతా ఫెడరల్ కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి, జడ్జిలందరూ ఒకే మాట మీద లేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లకి మాత్రం ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న మారిపోయింది. "ఏం చేశాడు" కన్నా ముందు "ఎలా వచ్చాడు" అని అడుగుతున్నాను.

వీసా మీద వచ్చినవాళ్లు ఈ పని ఈ రోజే చేయండి. ఐ-94 పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి. పాత పాస్‌పోర్టు పారేయకండి. అరెస్టంటూ జరిగితే, సర్దిచెప్పే ఉద్దేశంతో కూడా "నేనే చేశాను, పొరపాటైంది" అనకండి. ఒప్పుకోవడం కూడా ఆ చట్టంలో ఒక షరతే.

స్టూడెంట్ కేసు ఇంకా నడుస్తోంది. రూమ్మేట్ మొన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. కేసు డిస్మిస్ చేసిన ఆర్డర్ కాపీ కావాలన్నాడు, కోర్టు సీలు కనపడేట్టు. ఇప్పుడెందుకని అడిగాను.

"ఊళ్లో దొంగతనం చేసి పంపించేశారంటున్నారు మేడం. నాన్నకి చూపించాలి."

సీలున్న పేజీ మళ్లీ స్కాన్ చేసి పంపాను.